జీను అతని చేతిలో ఉందా? సెకండ్ హ్యాండ్ గుర్రపు సామాను ఆన్‌లైన్‌లో కొనేముందు

మా అక్క కూతురు తిరుపతి వెటర్నరీ కాలేజీలో చదువుతోంది. అంతకుముందు బెంగళూరులో ఉన్నప్పుడు మూడేళ్ళు గుర్రపు స్వారీ నేర్చుకుంది. చంద్రగిరి దగ్గర మా తోటలో నేనొక ఆడగుర్రాన్ని పెంచుతున్నాను కాబట్టి ఆదివారం వస్తే తను అక్కడే ఉంటుంది. మా దగ్గరున్న జీను పెళ్ళి ఊరేగింపులకని కుట్టించినది. కుచ్చులూ మెరుపులూ బాగుంటాయి కానీ, దాని మీద కూర్చుని గుర్రాన్ని పరిగెత్తించాలంటే మనిషికీ కష్టమే, గుర్రానికీ కష్టమే. మంచి జీను ఒకటి సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతుందేమోనని తను కొన్ని నెలలు వెతికింది.

చివరికి ఒక అమ్మకాల యాప్‌లో కనిపించింది. జర్మన్ జీను, నల్ల తోలు, 17 అంగుళాలు, ధర 18,500 రూపాయలు. అమ్మే మనిషి ఆర్మీలో ఉన్నానని, బదిలీ అయింది కాబట్టి తొందరగా ఇచ్చేస్తున్నానని చెప్పాడు. బుకింగ్ అని 2,000 తీసుకున్నాడు. పార్సిల్ ఛార్జీ అని 3,650 తీసుకున్నాడు. జీను చేరగానే తిరిగి వచ్చేస్తుందని చెప్పి ఇన్సూరెన్సు కింద 4,500 తీసుకున్నాడు. మూడు రోజుల్లో మొత్తం 10,150. నాలుగోసారి జీఎస్టీ కట్టమన్నప్పుడు నా దగ్గరకొచ్చి, "మామా, ఇది కూడా కట్టేస్తే వచ్చేస్తాదంటావా?" అని అడిగింది. గొంతు వింటేనే తెలిసిపోయింది, జవాబు తనకి ముందే తెలుసని.

చదువుకున్న పిల్ల, గుర్రాల గురించి అంత తెలిసిన పిల్ల ఎట్లా మోసపోయిందని ఇంట్లో అందరూ అన్నారు. ఆ మాట నాకు నచ్చలేదు. తన ఫోన్ తీసుకుని ఆ వాట్సాప్ చాట్ మొదటినుంచి చివరిదాకా రెండుసార్లు చదివాను. రెండోసారి చదివినప్పుడు ఒక విషయం పట్టుకున్నాను. అంత పొడవు చాట్‌లో అతను చాలా పంపాడు: ఐడీ కార్డు, యూనిఫాంలో ఫోటో, పార్సిల్ రసీదు, వాయిస్ మెసేజ్‌లు. కానీ జీను తన చేతిలో ఉంటే తప్ప చేయలేని పని ఒక్కటీ చేయలేదు. ఒక్కటంటే ఒక్కటి. మిగతావన్నీ ఫోన్ ఉన్న ఎవరైనా ఎక్కడ కూర్చునైనా చేయగలిగినవే.

ఈ వ్యాసం మొత్తం ఆ ఒక్క గమనిక చుట్టూనే తిరుగుతుంది. అమ్మేవాడు మంచివాడా చెడ్డవాడా అని మనం ఫోన్‌లో తేల్చలేం. వస్తువు అతని దగ్గర ఉందా లేదా అన్నది మాత్రం చాలావరకు తేల్చగలం.

ఈ సామానుకే ఎందుకంత బెడద

బైకో ఫోనో అయితే పాతది ఎంత పలుకుతుందో మనకు ఒక అంచనా ఉంటుంది. తిరుపతిలో నలుగురిని అడిగితే నలుగురూ దాదాపు ఒకే ధర చెబుతారు. జీనుకి ఆ సౌకర్యం లేదు. ఒకప్పుడు మన ఊళ్ళలో జట్కా బళ్ళు ఉన్నంతకాలం కళ్ళెం కుట్టేవాళ్ళు, లాడాలు కొట్టేవాళ్ళు ఉండేవాళ్ళు. ఇప్పుడు మనకు గుర్రం కనిపించేది బ్రహ్మోత్సవాల్లో వాహనాల ముందు నడిచేటప్పుడు, లేదంటే పెళ్ళి ఊరేగింపులో. స్వారీకి పనికొచ్చే జీను కావాలంటే తిరుపతిలో గానీ చిత్తూరులో గానీ దుకాణానికి వెళ్ళి చూసి కొనే వీలు నాకు ఇంతవరకు దొరకలేదు.

మన దేశంలో జీనుల తయారీకి పెద్ద కేంద్రం కాన్పూర్. అక్కడి జీనుల పనితనానికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. అక్కడినుంచి విదేశాలకు ఎగుమతి అవుతాయి. పాసియర్, స్ట్యూబెన్ లాంటి జర్మన్ కంపెనీల జీనులైతే కొత్తవి లక్షల్లో ఉంటాయి. అందుకే స్వారీ నేర్చుకునే పిల్లల తల్లిదండ్రులు పాతవాటి కోసం చూస్తారు. ఆ పాతవి ఎక్కువగా ఉండేది బెంగళూరు, చెన్నై, హైదరాబాద్, పుణె లాంటి క్లబ్బులున్న నగరాల్లో. అంటే మనం ఎప్పుడూ దూరం నుంచే కొనాలి. వస్తువు అరుదు, ధర తెలియదు, అమ్మేవాడు ఎక్కడో దూరాన. మోసగాడికి కావలసిన మూడూ ఇక్కడ కుదిరాయి.

మరొకటి కూడా ఉంది. జీను కొనాలనుకునే మనిషి అప్పటికే ఆ జీను మీద తనను తాను ఊహించుకుని ఉంటాడు. ఎన్నో నెలలు వెతికాక దొరికింది కదా అన్న ఆశలో ఉన్నవాళ్ళకి, వేరే ఇద్దరు అడుగుతున్నారు, సాయంత్రం లోపు చెప్పండి అనే ఒక్క మెసేజ్ చాలు, టెన్షన్ పెట్టడానికి. మా పిల్లకి ఆ మెసేజ్ ఉదయం 11 గంటలకు వచ్చింది. 11.20కి డబ్బు పంపేసింది.

ఆర్మీ కథ

సైన్యంలో పనిచేస్తున్నాను, బదిలీ అయింది అనే కథ బళ్ళు, ఫ్రిజ్‌లు, ఫర్నిచర్ అమ్మకాల్లో కూడా బాగా వాడిన కథే. గుర్రపు సామాను దగ్గరికి వచ్చేసరికి అది మరింత నమ్మదగినట్టు ఉంటుంది. ఎందుకంటే జైపూర్‌లో 61వ కావల్రీ అనే గుర్రపు దళం నిజంగానే ఉంది. మీరట్‌లో సైన్యపు గుర్రాలు, కంచరగాడిదల బాగోగులు చూసే రిమౌంట్ వెటర్నరీ కోర్ కేంద్రం కూడా నిజమే. వెటర్నరీ చదివే పిల్లకి ఈ పేర్లు తెలుసు. తెలిసిన పేరు వినగానే అనుమానం తగ్గిపోయింది. అబద్ధం చెప్పేవాడు మొత్తం అబద్ధం చెప్పడు, మనకు తెలిసిన నిజం ఒకటి కలిపి చెబుతాడు.

ఇక్కడ తెలుసుకోవాల్సింది ఇది. ప్రభుత్వం ఇచ్చిన జీను జవాను సొంత ఆస్తి కాదు. వాడకం నుంచి తీసేసిన ప్రభుత్వ సామానును వేలంలో అమ్ముతారు తప్ప ఒక మనిషి తన ఫోన్‌లో అమ్మడు. ఒక అధికారి తన సొంత డబ్బుతో కొనుక్కున్న జీనును అమ్ముకోవచ్చు, అందులో తప్పేమీ లేదు. అలా అమ్మినా మనందరిలాగే కొరియర్‌లోనో పోస్టులోనో పంపాలి. ఆర్మీ పార్సిల్ సర్వీసు, గేట్ పాస్ ఛార్జీ, చేరాక తిరిగి ఇచ్చే డిపాజిట్ అనేవి వినిపిస్తే మాట అక్కడితో ఆపేయండి.

ఆ ఐడీ కార్డు గురించి కూడా చెప్పాలి. అందులో ఉన్న ఫోటో, పేరు నిజమైన మనిషివే అయి ఉండొచ్చు. అతను కూడా ఎప్పుడో ఎవరికో నమ్మి తన కార్డు పంపి ఉంటాడు. మోసగాడు నమ్మకం కోసం మన ఆధార్ కూడా అడుగుతాడు. నేను పంపాను కదా, మీరూ పంపండి అంటాడు. పంపితే రేపు మన కార్డు చూపించి ఇంకొకరిని మోసం చేస్తాడు. ఎవరికైనా ఆధార్ ఇవ్వక తప్పని పరిస్థితి ఉంటే చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఉంది. ఒక జీను కొనడానికి మాత్రం అది కూడా అవసరం లేదు.

ఫోటోలు ఏం చెబుతాయి

ప్రకటనలోని ఫోటోలను గూగుల్ లెన్స్‌లో వెతకడం మొదటి పని. చాలాసార్లు అదే ఫోటో ఇంగ్లండ్‌లోనో అమెరికాలోనో ఎప్పుడో అమ్ముడుపోయిన జీనుదిగా బయటపడుతుంది. మా పిల్లకి వచ్చిన నాలుగు ఫోటోల్లో రెండు అట్లాంటివే. లెన్స్‌కి దొరకకపోయినా ఫోటోలో వెనకున్నవి చూడండి. గోడ మీద కరెంటు ప్లగ్గు చూడండి. మన దేశంలో ప్లగ్గు రంధ్రాలు గుండ్రంగా ఉంటాయి, ఇంగ్లండ్‌లో నలుచదరపు పట్టీల్లా ఉంటాయి. అమ్మేవాడు ఉన్నానంటున్న ఊరికీ ఆ కిటికీకీ, నేలకీ, బయట కనిపించే చెట్లకీ పొంతన ఉందా? జోధ్‌పూర్ అని చెప్పి ఫోటోలో మంచు కనిపిస్తే ఇంక అడగాల్సింది లేదు. నాలుగు ఫోటోల్లో నాలుగు రకాల నేల ఉంటే, అవి నాలుగు చోట్ల నుంచి తెచ్చినవి.

ఇదివరకు ఒక చిట్కా చెప్పేవాళ్ళు. కాగితం మీద మీ పేరూ తేదీ రాయించి, దాన్ని వస్తువు పక్కన పెట్టి ఫోటో తీయమనమని. ఇప్పుడు ఏఐతో ఎవరి రాత కావాలంటే వాళ్ళ రాతతో, ఏ జీను పక్కన కావాలంటే ఆ జీను పక్కన కాగితం పెట్టేస్తున్నారు. కాబట్టి ఫోటోను ఇక రుజువుగా తీసుకోలేం. కావలసింది అప్పటికప్పుడు చేసే వీడియో కాల్. రికార్డు చేసి పంపిన వీడియో కూడా కాదు. అది ఎందుకు చాలదో కొంచెం ముందుకెళ్ళాక చెబుతాను.

కాల్‌లో ఏమేం చేయమనాలి

జీను నిజంగా ఉన్నవాడికి ఇవన్నీ రెండు నిమిషాల పని. లేనివాడికి అసాధ్యం. అందుకే వీటిని అడగడం.

ముందు టేపు పెట్టి కొలవమనండి. జీను సైజు 16, 16.5, 17, 17.5 అంగుళాలు అని అర అంగుళం తేడాలతో చెబుతారు. దాన్ని కొలిచే పద్ధతి ఒకటుంది. ముందువైపు ఎత్తుగా ఉండే భాగానికి పక్కన చిన్న మేకు తల లాంటి బొత్తాం ఉంటుంది. అక్కడినుంచి వెనక ఎత్తు అంచు మధ్యదాకా కొలవాలి. వాడినవాళ్ళకి ఇది చెప్పనక్కర్లేదు. మా పిల్ల అడిగినప్పుడు అతను "స్టాండర్డ్ సైజు మేడమ్, అందరికీ సరిపోతుంది" అన్నాడు. జీనులో అందరికీ సరిపోయే సైజు అంటూ ఉండదు. కూర్చునే మనిషి తొడ పొడవును బట్టి సీటు, గుర్రం వీపును బట్టి కింది చట్రం వెడల్పు చూసుకోవాలి. కళ్ళేనికి కూడా పోనీ, కాబ్, ఫుల్ అని వేరే వేరే సైజులున్నాయి.

తర్వాత పక్క రెక్కను ఎత్తి చూపించమనండి. పేరున్న కంపెనీల జీనులకు సాధారణంగా రెక్క కిందో, రికాబు తగిలించే ఇనుప కడ్డీ దగ్గరో సీరియల్ నంబరు ముద్ర ఉంటుంది. ఆ నంబరుతో కంపెనీకి రాసి అడగొచ్చు కూడా. రెక్క ఎత్తగానే గర్త్, అంటే గుర్రం పొట్ట కింద నుంచి వేసే బెల్టు, బిగించే పట్టీలు కనిపిస్తాయి. వాటి రంధ్రాలు సాగాయా, కుట్లు వదిలాయా అని దగ్గరగా చూపించమనండి. జీనును తిరగేసి గుర్రం వీపుకి ఆనే మెత్తలను చేత్తో నొక్కమనండి. ఉండలు కట్టి ఉంటే గుర్రానికి పుండ్లు పడతాయి.

అన్నిటికంటే ముఖ్యమైనది చట్రం పరీక్ష. జీను లోపల ఉండే ఆ అస్థిపంజరాన్ని స్వారీవాళ్ళు ట్రీ అంటారు. అది విరిగిన జీను పైకి ఎంత మెరుస్తున్నా పనికిరాదు, మనిషి బరువంతా గుర్రం వెన్ను మీద ఒకచోట పడుతుంది. జీను ముందు భాగాన్ని తొడకి ఆనించి, వెనక అంచును రెండు చేతులా తనవైపు లాగాలి. స్ప్రింగు చట్రం అయితే కొంచెం వంగి మళ్ళీ మామూలుగా వస్తుంది. విరిగిందైతే సీటు మధ్యలో మడత పడుతుంది, కిర్రుమని శబ్దం వస్తుంది. ముందువైపు రెండు పక్కలా కిందికి దిగే కొసలను పట్టుకుని దగ్గరికి, దూరానికి కదిపి చూడాలి. అవి కదలకూడదు. ఈ పరీక్ష వీడియోలో పూర్తిగా తేలదు, చేతికి వచ్చాకే తేలుతుంది. అయినా చేయమనండి. జీను ఉన్నవాడు చేస్తాడు.

అమ్మేవాడు ఇవన్నీ చేయడానికి ఇష్టపడకపోతే మోసగాడేనా? కాదు. కొంతమందికి కొత్తవాళ్ళతో వీడియోలో మాట్లాడాలంటే మొహమాటం. ఒక పెద్దావిడ తన కొడుకు వదిలేసి వెళ్ళిన సామాను అమ్ముతుంటే ఆమెకి రెక్క ఏదో మెత్త ఏదో తెలియకపోవచ్చు. వాళ్ళను అవమానించాల్సిన పని లేదు. కానీ వీడియో వద్దనేవాళ్ళకి అడ్వాన్సు కూడా వద్దనే హక్కు మనకుంది. నేరుగా వస్తాను, చూస్తాను, డబ్బిస్తాను అనండి. నిజాయితీగా అమ్మేవాళ్ళు దీనికి కాదనరు.

ఒక సామాను మాత్రం ఎంత నిజాయితీపరుడు అమ్మినా కొనకండి. హెల్మెట్. ఒక్కసారి గట్టిగా నేలకు తగిలిందంటే పైకి గీత కూడా పడకుండా లోపలి పొర నలిగిపోయి ఉండొచ్చు. అది ఏ ఫోటోలోనూ ఏ వీడియోలోనూ కనిపించదు. మిగతా అన్నిట్లో పొదుపు చేయండి, హెల్మెట్ కొత్తదే కొనండి.

మధ్యలో నిలబడే మూడోవాడు

ఇంతవరకు చెప్పిన పరీక్షలన్నీ దాటేసే మోసం ఒకటుంది. దీని గురించి నెమ్మదిగా చదవండి, ఎందుకంటే ఇందులో జీను నిజంగానే ఉంటుంది.

కోయంబత్తూరులో ఒకరు తమ జీనును 30,000 రూపాయలకు అమ్మకానికి పెట్టారనుకుందాం. మూడోవాడు ఆ ఫోటోలు తీసుకుని, వేరే పేరుతో అదే జీనును 18,000కి పెడతాడు. మనం అతనికి ఫోన్ చేస్తాం. టేపు పెట్టి కొలిచే వీడియో అడుగుతాం. అతను అదే మాట కోయంబత్తూరు ఆయన్ని అడుగుతాడు. ఆయన నిజాయితీగా వీడియో తీసి పంపుతాడు. అది మనకు వచ్చేస్తుంది. సీరియల్ నంబరు అడిగితే అదీ వస్తుంది. మనకి పూర్తి నమ్మకం కుదురుతుంది. రికార్డు చేసిన వీడియో చాలదని అందుకే అన్నాను.

మనం నేరుగా వెళ్తామన్నా అతను భయపడడు. "రండి, మా బాబాయి ఇంట్లో ఉంది, చూసుకోండి. ధర మాత్రం ఆయన దగ్గర ఎత్తకండి, మా ఇంట్లో లెక్కలు వేరే ఉన్నాయి" అంటాడు. అటు కోయంబత్తూరు ఆయనతో, "మా మనిషి వచ్చి చూస్తాడు, అతనితో ధర మాట్లాడకండి, డబ్బు నేనే మీ ఖాతాకి వేస్తాను" అంటాడు. మనం వెళ్తాం, జీను చూస్తాం, తొడకి ఆనించి పరీక్షిస్తాం, బాగుంటుంది. అక్కడే నిలబడి మూడోవాడి ఖాతాకి 18,000 పంపేస్తాం. జీను ఎత్తుకోబోతే ఇంటాయన ఆపుతాడు, ఆయనకి రూపాయి రాలేదు. ఆయన దృష్టిలో మనం దొంగ, మన దృష్టిలో ఆయన దొంగ. అసలు దొంగ ఆ ఊళ్ళోనే లేడు, అప్పటికే ఫోన్ ఆపేసి ఉంటాడు. కార్లు, బైకుల అమ్మకాల్లో ఈ మోసం బాగా జరుగుతుంది, పోలీస్ స్టేషన్‌కి వెళ్ళినా ఇద్దరు బాధితులు ఒకరి మీద ఒకరు కేసు పెట్టుకునే పరిస్థితి వస్తుంది.

దీన్ని విరగ్గొట్టే మాట ఒక్కటే. జీను చేతిలో పట్టుకున్న మనిషిని లైవ్ కాల్‌లో గానీ ఎదురుగా గానీ అడగాలి: "ఇది మీరు ఎంతకు ఇస్తున్నారు? డబ్బు ఎవరి ఖాతాకి వేయాలి?" ధర గురించి ఆయనతో మాట్లాడొద్దని మీకు ఎవరైనా చెప్పారంటే, కచ్చితంగా ఆయనతోనే మాట్లాడాలని అర్థం. వస్తువు ఎవరి చేతిలో ఉందో డబ్బు ఆ మనిషి పేరు మీదే వెళ్ళాలి. భర్త జీను భార్య ఖాతా అయినా సరే, ఆ ఇద్దరూ ఎదురుగా కనిపించి చెబితేనే.

డబ్బు వెళ్ళే దారి

యూపీఐలో నంబరు కొట్టగానే, డబ్బు పంపేముందు, ఖాతాదారు పేరు కనిపిస్తుంది. ఆ పేరును చదవకుండా ముందుకు పోతుంటాం. అమ్మే మనిషి ఒక పేరు చెప్పి, ఖాతాలో ఇంకో రాష్ట్రపు ఇంకో పేరు కనిపిస్తే అది అద్దెకు తీసుకున్న ఖాతా కావచ్చు. ఇలాంటి ఖాతాలను పేదవాళ్ళ దగ్గర, విద్యార్థుల దగ్గర కమీషన్ ఇచ్చి తీసుకుంటారు. మా పిల్ల పంపిన మూడుసార్లూ మూడు వేరే పేర్లు. మూడోసారి అడిగితే "అది మా కొరియర్ డిపార్ట్‌మెంట్ ఖాతా" అన్నాడట.

మీరు అమ్మేవైపు ఉన్నా జాగ్రత్తే. పాత కళ్ళెం అమ్మకానికి పెడితే బేరం కూడా ఆడకుండా ఒప్పుకుని, డబ్బు పంపుతున్నాను, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేయండి అంటారు. క్యూఆర్ స్కాన్ చేయడం, పిన్ కొట్టడం డబ్బు పంపడానికే. డబ్బు అందుకోవడానికి పిన్ అవసరం ఎప్పుడూ ఉండదు. వ్యక్తులు ఒకరినొకరు డబ్బు అడిగే కలెక్ట్ రిక్వెస్టులను యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ 2025 అక్టోబర్ 1 నుంచి ఆపేసింది, క్యూఆర్ మోసం మాత్రం నడుస్తూనే ఉంది. పొరపాటున ఎక్కువ పంపాను, మిగిలింది తిరిగి వేయండి అని మెసేజ్ వస్తే, ఆ మెసేజ్ కాదు, మీ బ్యాంకు యాప్‌లో బ్యాలెన్సు చూడండి.

అడ్వాన్సు అసలు ఇవ్వకూడదా? అమ్మేవాళ్ళ బాధ కూడా ఉంది. ఉంచండి, వస్తున్నాను అని చెప్పి రాని కొనుగోలుదారులు చాలామంది. నేను చేసేది, ముందు పార్సిల్ బుక్ చేయమంటాను. మన వైపు ఆర్టీసీ కార్గో ఉంది, పోస్టాఫీసు ఉంది. స్పీడ్ పోస్ట్ అయితే ట్రాకింగ్ నంబరులో 13 గుర్తులు ఉంటాయి: రెండు అక్షరాలు, తొమ్మిది అంకెలు, చివర ఐ, ఎన్ అనే రెండు అక్షరాలు. దాన్ని అమ్మేవాడు పంపిన లింకులో కాకుండా ఇండియా పోస్ట్ వెబ్‌సైటును నేనే తెరిచి చూస్తాను. నంబరు కదలడం మొదలయ్యాక కొంత, చేతికి వచ్చాక మిగతాది. ఇంటికి వచ్చాక డబ్బిచ్చే పద్ధతి కూడా పూర్తి రక్షణ కాదు. మామూలుగా డబ్బు కట్టాకే పెట్టె విప్పనిస్తారు, పెట్టెలో ఇటుక ఉన్నా అప్పుడే తెలుస్తుంది. పార్సిల్ సంస్థకి ఫోన్ చేయాల్సి వస్తే గూగుల్‌లో పైన కనిపించే నంబరుకి చేయకండి. కస్టమర్ కేర్ పేరుతో దొంగ నంబర్లు అక్కడ కూడా ఉంటాయి. సంస్థ సొంత సైటులో ఉన్న నంబరు తీసుకోండి.

దర్శనానికి వస్తున్నానండీ

ఇది మన ఊరి ప్రత్యేకమైన మోసం, అందుకే విడిగా చెబుతున్నాను. చిత్తూరులో పెళ్ళిళ్ళకు గుర్రాలు పంపే ఒకాయన నాకు బాగా తెలుసు. ఆయన అలంకరణ కళ్ళెం సెట్టు కోసం అడిగితే, అమ్మేవాడు ఆయన ప్రొఫైల్ చూసి, "తిరుపతి పక్కనేనా? వచ్చే శుక్రవారం దర్శనానికి వస్తున్నానండీ, కార్లో వేసుకుని తెచ్చిస్తాను. వెంకన్న మీద ఒట్టు" అన్నాడట. వేరేవాళ్ళకి ఇచ్చేయకుండా ఉంచడానికి 5,000 టోకెన్ పంపమన్నాడు. దేవుడి పేరు చెప్పాక అనుమానించడం పాపమని ఆయన పంపేశాడు. శుక్రవారం పోయింది, ఫోన్ కూడా పోయింది.

ఆయనకి నేను చెప్పింది ఇదే. తిరుపతికి వచ్చేవాడికి టోకెన్ దేనికి? వస్తాడు, చూపిస్తాడు, డబ్బు తీసుకుంటాడు. ఎదురుపడబోయే ఇద్దరి మధ్య ముందుగా డబ్బు కదలాల్సిన అవసరమే లేదు. మన తెలుగే మాట్లాడాడు, మన దేవుడి పేరే చెప్పాడు అనేవి జీను అతని దగ్గర ఉందనడానికి సాక్ష్యాలు కావు.

డబ్బు పోయిందని తెలిసిన నిమిషం

ముందు సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి. సిగ్గుపడుతూ ఇంట్లో ఎలా చెప్పాలా అని కూర్చునే ప్రతి గంటా మోసగాడికి లాభం, ఎందుకంటే డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకి మారిపోతూ ఉంటుంది. మీరు చెప్పేలోపు అది ఎక్కడైనా ఆగి ఉంటే ఆ బ్యాంకు దాన్ని కదలకుండా పట్టి ఉంచుతుంది. ఫోన్ చేసేటప్పుడు లావాదేవీ 12 అంకెల నంబరు, తేదీ, మొత్తం, ఏ ఖాతాకి వెళ్ళిందో దగ్గర పెట్టుకోండి. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో కూడా ఫిర్యాదు నమోదు చేయొచ్చు. కోపంలో చాట్ డిలీట్ చేయకండి. ప్రకటన స్క్రీన్‌షాట్, దాని లింకు, నంబర్లు, రసీదులు అన్నీ దాచండి.

బ్యాంకు విషయంలో చాలామంది ఒక పొరపాటు పడుతుంటారు. మూడు పని దినాల్లో చెబితే బ్యాంకు మొత్తం తిరిగి ఇచ్చేస్తుందని. రిజర్వు బ్యాంకు 2017 జులైలో ఇచ్చిన ఆ నియమం మనకు తెలియకుండా మన ఖాతా నుంచి జరిగిన లావాదేవీలకు. జీను వస్తుందని నమ్మి మనమే పిన్ కొట్టి పంపిన డబ్బుకి అది నేరుగా వర్తించదు. అందుకే 1930 ఫోనూ, పోలీసు ఫిర్యాదూ ఇక్కడ ముఖ్యం. ఇది భారతీయ న్యాయ సంహిత 318 సెక్షన్ కింద మోసం. వేరే మనిషినని నటిస్తూ ఫోన్ ద్వారా చేస్తే ఐటీ చట్టం 66డి కూడా వస్తుంది. మోసగాడు ఏ రాష్ట్రంలో ఉన్నా మీరు మీ ఊరి స్టేషన్‌లోనే ఫిర్యాదు ఇవ్వొచ్చు, జీరో ఎఫ్ఐఆర్ అనేది అందుకే ఉంది.

కొన్ని రోజులకు ఇంకో ఫోన్ రావొచ్చు. మీ డబ్బు రికవరీ చేస్తాం, ఫైల్ ఛార్జీ కట్టండి అని. అది మొదటివాడి రెండో రౌండు.

మా పిల్ల విషయంలో, నా దగ్గరకొచ్చిన అరగంటలో 1930కి చేశాం. ఆరోజు ఉదయమే పంపిన 4,500 ఒక ఖాతాలో ఆగింది, కొన్ని నెలలకు వచ్చింది. మొదటి రెండుసార్లు పంపిన 5,650 దొరకలేదు.

తర్వాత ఆరు నెలలకు బెంగళూరు నుంచి ఒకావిడ తన కూతురి జీను అమ్ముతుందని తెలిసింది. 32,000 అడిగింది. వీడియో కాల్‌లో టేపు పెట్టి కొలిచింది, రెక్క ఎత్తింది, ఒక పట్టీ కుట్టు వదిలిందని మేం అడగకముందే చూపించింది. మేమే బెంగళూరు వస్తామన్నాం. "వద్దండీ, వచ్చే నెల మేం దర్శనానికి వస్తున్నాం, తెస్తాం" అంది. ఆ మాట వినగానే నేనూ మా పిల్లా ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. కానీ ఆవిడ అడ్వాన్సు అడగలేదు.

చెప్పిన రోజు పొద్దున్నే ఫోన్ చేశారు. కొండ ఎక్కకముందే ఇచ్చేస్తామని అలిపిరి దగ్గర కారు పక్కన ఆపారు. మా పిల్ల జీనును తొడకి ఆనించి, వెనక అంచు లాగి, చెవి పెట్టి విన్నది. శబ్దం లేదు. కుట్టు కోసం వెయ్యి తగ్గించారు. 31,000 పంపేముందు స్క్రీన్ మీద పేరు చదివింది, ఆవిడ పేరే. ఆ ఆదివారం తోటలో గుర్రం మీద వేసి చూస్తే ముందువైపు కొంచెం వెడల్పు ఎక్కువైంది. ప్రస్తుతానికి కింద ఒక మెత్త పరిచి వాడుతోంది. చట్రం వెడల్పు సరిచేసే మనిషి కోసం వెతుకుతున్నాం.